గెజిట్ల నుంచి పురస్కారం దాకా: నా పీహెచ్‌డీ అనుభవం

పబ్లిక్ లాలో, అంటే ప్రభుత్వ అధికారాలకు సంబంధించిన న్యాయశాస్త్రంలో, పీహెచ్‌డీ చేస్తున్నానంటే, ఏ హక్కు మీద, ఏ తీర్పు మీద అని అడిగేవారు. నా అంశం ఆర్డినెన్సులు, అంటే సభ ఆమోదం లేకుండానే తాత్కాలికంగా తెచ్చే చట్టాలు. శాసనసభ సమావేశాలు లేని సమయంలో, వెంటనే చర్య తీసుకోవలసిన పరిస్థితి వస్తే గవర్నరు ఆర్డినెన్సు జారీ చేయవచ్చని రాజ్యాంగంలోని 213వ అధికరణం చెబుతుంది. సభ తిరిగి సమావేశమయ్యాక దాన్ని సభ ముందుంచాలి. చట్టంగా మారకపోతే, సభ సమావేశమైన ఆరు వారాలకు దాని అమలు ఆగిపోతుంది. చదవడానికి ఇంతే. ఆచరణలో ఏం జరిగిందో తెలియాలంటే మాత్రం పాత గెజిట్లు తిరగేయాల్సిందే.

ఈ దారి చూపించినవారు డి.సి. వాధ్వా. పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధకుడిగా ఉంటూ ఆయన బిహార్ ఆర్డినెన్సుల చరిత్రంతా తవ్వి తీశారు. 1967 నుంచి 1981 వరకు అక్కడి ప్రభుత్వం 256 ఆర్డినెన్సులు తెచ్చిందని, వాటిలో కొన్నింటిని చట్టం చేయకుండా మళ్లీ మళ్లీ జారీ చేస్తూ 14 ఏళ్ల దాకా బతికించిందని తేల్చారు. 1983లో పుస్తకం వేసి ఊరుకోలేదు, సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 1986 డిసెంబరులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ పద్ధతిని తప్పుపట్టింది. ఇది రాజ్యాంగాన్ని వంచించడమేనని తేల్చిచెప్పింది. అంతేకాదు, ఆయన చేసిన పరిశోధనను మెచ్చుకుంటూ ఖర్చుల కింద 10,000 రూపాయలు చెల్లించాలని బిహార్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఒక పరిశోధకుడి ఓపికను దేశ అత్యున్నత న్యాయస్థానం గుర్తించిన సందర్భం అది. నా లెక్కలో మన పబ్లిక్ లా పరిశోధనకు దక్కిన అతి పెద్ద పురస్కారం అదే.

నేను మరో రాష్ట్రాన్ని తీసుకుని పట్టిక మొదలుపెట్టాను. ఆర్డినెన్సు సంఖ్య, జారీ అయిన తేదీ, సభ తిరిగి సమావేశమైన తేదీ, సభ ముందుంచిన తేదీ, మళ్లీ జారీ చేసి ఉంటే ఆ తేదీ. జారీ తేదీలు గెజిట్లో దొరుకుతాయి. సభ ముందుంచిన తేదీ కావాలంటే శాసనసభ చర్చల సంపుటాలు వెతకాలి. ప్రశ్నోత్తరాలకూ బడ్జెట్ చర్చకూ మధ్య ఎక్కడో, ఫలానా ఆర్డినెన్సు ప్రతిని సభ ముందుంచుతున్నానని మంత్రి చెప్పిన ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. కొన్నింటికి ఆ వాక్యమే కనిపించదు. అప్పుడు ఆ గడిని ఖాళీగా వదిలేస్తే సరిపోదు. ప్రభుత్వం సభ ముందుంచలేదా, లేక ఆ రోజు సంపుటమే గ్రంథాలయంలో లేదా? ఈ రెండూ వేరు వేరు సంగతులు. అందుకే "ఉంచలేదు", "సంపుటం దొరకలేదు" అని విడివిడిగా రాశాను. రెండో మాట రాయవలసి వచ్చిన ప్రతిసారీ మరో గ్రంథాలయానికి ఉత్తరం పెట్టాను.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2017 జనవరి 2న కృష్ణకుమార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆర్డినెన్సును సభ ముందుంచడం తప్పనిసరి అని మెజారిటీ న్యాయమూర్తులు అందులో స్పష్టం చేశారు. అంటే ఆ గడిలో ఉన్నది కేవలం ఒక తేదీ కాదు. ప్రభుత్వం రాజ్యాంగాన్ని పాటించిందా లేదా అన్నదానికి రుజువు.

సమర్పణ, బయటి పరీక్షకుల నివేదికలు, వైవా అందరికీ జరిగినట్టే జరిగాయి. పరీక్షకుల్లో ఒకరు పట్టికలు ఎక్కువ, సిద్ధాంత చర్చ తక్కువ అని రాశారు. ఇంకొకరు ఆ పట్టికలున్న చివరి భాగం, అనుబంధమే, ఈ గ్రంథానికి ప్రాణం అన్నారు. రెండింటినీ జాగ్రత్తగా దాచుకున్నాను.

పట్టా చేతికొచ్చాక, ఉత్తమ సిద్ధాంత గ్రంథానికి ఇచ్చే ఒక పురస్కారానికి నా పేరు పంపుతానని మా గైడు మేడమ్ అన్నారు. సారాంశం, పరీక్షకుల నివేదికలు, గైడు లేఖతో పాటు గ్రంథం ప్రత్యేకత గురించి ఒక పేజీ అడిగారు. ఎక్కువ సమయం పట్టింది ఆ పేజీకే. "ఏ అధ్యాయంలో ఏముందో సారాంశం చెబుతుంది. నీ గ్రంథం రాకపోయి ఉంటే మనకు ఏ సంగతి తెలిసి ఉండేది కాదో అది రాయి" అన్నారు మేడమ్. అలా వడగడితే ఇతరుల వాదనలు, తీర్పుల సమీక్ష, అందంగా కుదిరిన పేరాలు అన్నీ పక్కకు పోయాయి. మిగిలింది పట్టిక, దాని నుంచి తేలిన విషయం. నేను ఎంచుకున్న కాలంలో, ఏయే శాఖల ఆర్డినెన్సులు సభను దాటుకుని కొనసాగాయన్నది. ఈ పేజీని పరిశోధన మధ్యలో ఒకసారి రాసుకుంటే ప్రతి విద్యార్థికీ మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

ఎంపిక సంఘంతో ముఖాముఖిలో ఒక పెద్దాయన సూటిగా అడిగారు: "తేదీలు ఎవరైనా రాసుకోవచ్చు కదమ్మా, ఇందులో న్యాయశాస్త్రం ఎక్కడుంది?" మొదటి పరీక్షకుడి అభ్యంతరమూ ఇదే కాబట్టి జవాబు సిద్ధంగానే ఉంది. ఏ తేదీ వెతకాలో చెప్పేది న్యాయశాస్త్రమేనండీ అన్నాను. జారీ తేదీ ఒక్కటే రాసుకుంటే అది జాబితా అవుతుంది. సభ సమావేశమైన తేదీని దాని పక్కన పెట్టి ఆరు వారాలు లెక్కగట్టగానే అది అధికార పరిమితుల గురించిన ప్రశ్న అవుతుంది. ఆయన తలూపి, అనుబంధం తెరిచి ఒక్కో వరుసకూ ఆధారం చూపించమన్నారు. చాలాసేపు ఆ పుటల మీదే గడిచింది. నా పనిని అంత శ్రద్ధగా చదివినవారిని అంతకు ముందు నేను చూడలేదు.

పురస్కారం ఇద్దరికి కలిపి ఇచ్చారు. రెండోది పూర్తిగా సిద్ధాంతపరమైన గ్రంథం, చాలా మంచిది. అలా పంచడమే సబబని నాకు అనిపించింది, ఎందుకంటే ఆ రెండు రకాల పనినీ ఒకే తక్కెడలో తూచలేం. ప్రశంసాపత్రంలో నా అనుబంధాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నారు.

ఒక్క విషయం మాత్రం నచ్చలేదు. బహుమతి రానివారికి "ఎంపిక కాలేదు" అన్న రెండు ముక్కలు తప్ప ఏమీ పంపలేదు. ఏళ్ల తరబడి రాసిన గ్రంథాన్ని చదివినప్పుడు, అందులో ఏం నచ్చిందో, ఏం లోపించిందో నాలుగు మాటలు రాయడం చదివినవారి బాధ్యత. ఎంపిక సంఘానికి అదే రాశాను. మా మేడమ్ కూడా సంతకం చేశారు. తర్వాతి విడత నుంచి నామినేషన్ వచ్చిన ప్రతి గ్రంథానికీ సభ్యుల అభిప్రాయం రాతపూర్వకంగా పంపుతామని జవాబు ఇచ్చారు.