పడిపోయిన చెట్ల లెక్క

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లిన రెండో ఏడాది. విశాఖ పక్కన కంబాలకొండ అడవిలో మేం నడిచే బాటకి కాస్త ఎడంగా, వేళ్లతో సహా కూలిన మానులు ఇంకా అలాగే పడి ఉండేవి. ఆదివారం పొద్దున్న మాతో వచ్చే ఒకాయనది ప్రతి వారం ఒకటే పాట: “చూశారా మాస్టారూ, సర్కారు సొమ్ము చెదలకి పెడుతున్నారు. వేలం వేస్తే ఎంతొచ్చేదో!” వినగా వినగా నాకూ ఎక్కేసింది. సమాచార హక్కు చట్టం ఉందిగా, అడిగేద్దాం అనుకున్నాను.

కోర్టు దగ్గర 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు కొని, తెల్లకాగితం మీద అంటించి, పేజీ నిండా కోపంగా రాశాను. పడిన కలప ఎందుకు అమ్మలేదు, బాధ్యులెవరు, ఏ ఏడు ఎక్కడ చెట్లు కొట్టాలో రాసుకునే ఈ అడవి వర్కింగ్ ప్లాన్ కాపీ ఇవ్వండి అని. 30 రోజుల గడువు ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా జవాబొచ్చింది. ‘ఎందుకు’ అనేది సమాచారం కిందికి రాదట, రికార్డులో ఉన్నదే ఇస్తారట. పైగా ఇది అభయారణ్యం, దీనికి ఉండేది వర్కింగ్ ప్లాన్ కాదు, మేనేజ్‌మెంట్ ప్లాన్. తప్పు నాదే. ఏ కాగితం కావాలో తెలుసుకోకుండా అడిగాను.

రెండోసారి కోపం తగ్గించి నాలుగే లైన్లు రాశాను. ముందు మేనేజ్‌మెంట్ ప్లాన్ చూస్తాను, కావలసిన పేజీలే కాపీ తీసుకుంటాను అని. ఈ పద్ధతి చాలామందికి తెలియదు. రికార్డు చూడడానికి మొదటి గంట ఉచితం, ఆపైన ప్రతి పావుగంటకీ 5 రూపాయలు. కాపీ అయితే పేజీకి 2 రూపాయలు.

ఆఫీసులో నా ముందు పెట్టిన పుస్తకం ఇటుకంత లావుంది. మడతల దగ్గర చిరిగిన మ్యాపుకి అంటించిన టేపు పసుపు రంగుకి తిరిగింది. నేను అటూ ఇటూ తిప్పుతుంటే, రిటైర్మెంటుకి దగ్గరపడిన ఉద్యోగి ఒకాయన జాలిపడి కుర్చీ లాక్కున్నాడు.

“మీరు మొదట అడిగిన వర్కింగ్ ప్లాన్ మామూలు రిజర్వు ఫారెస్టులకండీ. మామూలుగా పదేళ్లకి రాస్తారు. అడవిని కూపులుగా, అంటే ముక్కలుగా విడగొట్టి, ఏ ఏడు ఏ కూపు కొట్టాలో ముందే రాసుకుంటాం. వెదురైతే ఈ ఏడు కొట్టిన చోటికి మళ్లీ మూడు నాలుగేళ్ల దాకా వెళ్లం. వడ్డీ తినాలి గానీ అసలు ముట్టకూడదు.” 1996 డిసెంబరులో అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు సంగతి కూడా ఆయనే చెప్పాడు. కేంద్రం ఆమోదించిన ప్లాన్ లేకుండా అడవిలో చెట్టు కొట్టడానికి వీల్లేదట.

“మరి కంబాలకొండ?”

“2002లో అభయారణ్యం అయింది కదా. ఇక్కడ అసలూ వడ్డీ రెండూ జంతువులవే.”

1972 వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్ చూపించాడు. వన్యప్రాణుల మేలుకి అవసరమని తేలితే తప్ప అభయారణ్యం నుంచి కలప కదలదు. అలా తీసినది కూడా చుట్టుపక్కల వాళ్ల సొంత అవసరాలకి ఇవ్వొచ్చేమో గానీ, వ్యాపారానికి కుదరదు. మా ఆదివారం వేలంపాట అక్కడితో సరి!

అక్కడితో లేచి వచ్చేయొచ్చు. కానీ ఏడాదివారీ పనుల పట్టిక దగ్గర ఆగిపోయాను. లాంటానా కలుపు పీకడం, నీటి తొట్లు నింపడం, ఎండలు ముదరకముందే మంటలు పాకకుండా ఫైర్‌లైన్లు గీకడం. కొన్ని పనుల పక్కన ఎవరో పెన్సిలుతో టిక్కులు పెట్టారు, కొన్నిటి పక్కన లేవు. నిజంగా అడగాల్సినవి ఆ టిక్కుల్లేని వరసల గురించే అనిపించింది. ఆ పట్టిక ఉన్న 7 పేజీలూ కాపీ చేయించుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆ వేలంపాట పెద్దమనిషి కూలిన మాను దగ్గర ఆగలేదు. నేనే ఆగాను. బెరడు ఊడిన చోట తెల్లటి పుట్టగొడుగులు, నా చెప్పు చప్పుడుకి కిందనుంచి చర్రున జారిపోయిన నలికీచు.

“ఇంతకీ ఎంత తేలింది మాస్టారూ?” అన్నాడు వెనక్కి తిరిగి.

“స్టాంపులకి 20, కాపీలకి 14, గంట దాటి ఇంకో ముప్పావుగంట కూర్చున్నందుకు 15. మొత్తం 49.”