ఎండ మనదే, ప్యానెల్ ఎవరిది?

మా తిరుపతి ఎండల గురించి చెప్పక్కర్లేదు, మే నెలలో మధ్యాహ్నం బయటికి రావాలంటేనే భయం. ఈ ఎండ మన తాతల కాలంలోనూ ఉంది, వాళ్ళు దాంట్లో వడ్లు, మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకున్నారు, అంతకు మించి చేయడానికి దారి లేదు. 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఎండ పడితే కరెంటు పుట్టించే సిలికాన్ సెల్ చేసి చూపించాక అదే ఎండ కరెంటయింది.

అందుకే "వనరులుంటే చాలు, దేశం బాగుపడుతుంది" అంటే నేను ఒప్పుకోను. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చమురు నిల్వలున్న వెనెజువెలా 2019 మార్చిలో రోజుల తరబడి చీకట్లో ఉంది. చమురూ బొగ్గూ దాదాపు అన్నీ బయటి నుంచి తెచ్చుకునే జపాన్ ఏ స్థాయిలో ఉందో మనకు తెలుసు.

అంత దూరం ఎందుకు, కడప జిల్లా తుమ్మలపల్లె చూడండి. అక్కడ అణు విద్యుత్తుకు ఇంధనమైన యురేనియం ఉందని ఎప్పుడో తెలుసు. కానీ ఖనిజంలో దాని పాళ్ళు చాలా తక్కువ, పైగా అది సున్నపురాయి జాతి రాయిలో కలిసి ఉంది. మామూలుగా యాసిడ్ పోసి యురేనియాన్ని కరిగిస్తారు, ఇక్కడ పోస్తే ఆ రాయే యాసిడ్‌నంతా తాగేస్తుంది, ఖర్చు గిట్టదు. మన బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు యాసిడ్ బదులు సోడియం కార్బొనేట్ లాంటి క్షారాలతో, వేడిమీద ఒత్తిడి పెట్టి కరిగించే పద్ధతి తయారు చేశాకే అది గని అయింది. అంతవరకూ అది ఉత్త రాయి. (వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్ళు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు, దానికి జవాబు కనుక్కోవడం కూడా టెక్నాలజీ పనే అని నా గట్టి అభిప్రాయం.)

ఇప్పుడు సోలార్‌లో నాకు బాధ కలిగించేది ఇదే. ఎండ మనది, మిద్దె మనది. ప్యానెల్ తయారీలో ప్రతి దశలోనూ ప్రపంచ సామర్థ్యంలో 80 శాతానికి పైగా చైనాదేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లోనే లెక్క చెప్పింది. మన దగ్గర ప్యానెళ్ళు బిగించే ఫ్యాక్టరీలు బాగానే పెరిగాయి, కానీ పాలీసిలికాన్ (సెల్‌కు ముడిసరుకైన శుద్ధ సిలికాన్), దాన్ని పలుచగా కోసిన వేఫర్ల దగ్గరికొచ్చేసరికి ఇంకా చైనా వైపే చూస్తున్నాం. నేర్చుకోలేని వాళ్ళమేం కాదు, బ్యాటరీకి కావాల్సిన సీసం దొరికే చోటు కాకపోయినా మన తిరుపతి పక్క కరకంబాడిలోనే అమరరాజా వాళ్ళు బ్యాటరీలు చేసి దేశమంతా అమ్ముతున్నారు.

ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఊళ్ళో ఎస్వీ యూనివర్సిటీ ఉంది. పిల్లలు ఇలాంటి తయారీకి పనికొచ్చే మెటీరియల్ సైన్స్ అనో, కెమికల్ ఇంజనీరింగ్ అనో అడిగితే "కంప్యూటర్స్ తీసుకో, ఉద్యోగం గ్యారంటీ" అని ఇంట్లోనే తుంచేస్తున్నాం. ఈ కౌన్సెలింగ్‌లో అయినా వాళ్ళు అడిగిన బ్రాంచి రాయనివ్వండి.