ఆయానా, బేబీసిట్టరా, నైట్ నర్సా?

మనిషిని వెతికే ముందు ఒక కాగితం తీసుకుని, వారంలో ఏ రోజు ఏ వేళకి ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఉండరో రాసుకోండి. ఎలాంటి సాయం కావాలో సగం అక్కడే తేలిపోతుంది.

ఎప్పుడైనా ఓ సాయంత్రం మూడు నాలుగు గంటలకైతే బేబీసిట్టర్ చాలు. తిండి పెట్టడం, ఆడించడం, పడుకోబెట్టడం వరకే ఆ పని. మీరు ఇంట్లోనే ఉండి పక్కన ఒక చెయ్యి సాయం కావాలంటే అనుభవం తక్కువున్న అమ్మాయైనా ఫర్వాలేదు. కాకపోతే ఆమె మీద వదిలేసి బజారుకి వెళ్లకూడదు.

నైట్ నర్సు పసిగుడ్డుల కోసం. రాత్రి పాలు పట్టడం, పక్కబట్టలు మార్చడం, సీసాలు మరిగించడం ఆమె చూసుకుంటుంది. వెల్లకిలా, దిండూ దుప్పటీ లేని గట్టి పరుపు మీద పడుకోబెడుతుందా, బిడ్డ తాగగా మిగిలిన డబ్బా పాలు గంటలోపు పారబోస్తుందా అన్నవి ముందే అడగాలి. డౌలా వేరు. బాలింతను కూడా చూసుకుంటుంది, వైద్యం మాత్రం చేయదు.

‘ఓ పేర్’ (au pair) అనే మనిషిని చాలామంది చవకగా దొరికే ఆయా అనుకుంటారు. కాదు. ఇంట్లో మనిషిలా ఉంటూ భాష నేర్చుకోవడానికి వేరే దేశం నుంచి వచ్చే యువతి లేదా యువకుడు. 1969 నాటి యూరప్ ఒప్పందం రోజుకు 5 గంటలకు మించి పని చెప్పొద్దంటుంది. అమెరికాలో మామూలు పద్ధతిలో రోజుకు 10, వారానికి 45 గంటలు హద్దు. మూడు నెలలు నిండని బిడ్డను ఒంటరిగా అప్పగించకూడదు.

ఇద్దరూ రోజంతా ఉద్యోగాలకు వెళ్తే ఆయా తప్పదు. గొడవలు ఎక్కువగా వచ్చేదీ ఇక్కడే. మొదట్లో బిడ్డ బట్టలే ఉతుకుతుంది, నెల తిరిగేసరికి ఇంటిల్లిపాదివీ ఆమె నెత్తిన పడతాయి. ఆమె వంటగదిలో ఉంటే పాకే బిడ్డ ఎవరి కళ్ల ముందు ఉన్నట్టు? అందుకే ఏ పనులు ఆమెవో, ఏవి కావో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. రెండిళ్లవాళ్లు కలిసి ఒకే ఆయాను పెట్టుకుంటే ఒక బిడ్డకు జ్వరమొస్తే ఏం చేయాలో, ఒక కుటుంబం మానేస్తే జీతం ఎవరివ్వాలో కూడా అందులో ఉండాలి.

ఒక నోటు పుస్తకం పెట్టండి: పాలు ఎన్ని మిల్లీలీటర్లు, ఎప్పుడు పడుకుంది, ఏ మందు ఎన్ని గంటలకు. మధ్యాహ్నం మూడింటికి వేసిన జ్వరం మందు రాయకపోతే నాలుగింటికి ఇంటికొచ్చిన తండ్రి మళ్లీ వేస్తాడు. పారాసిటమాల్‌కి కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి.

పాత యజమానులకు ఫోన్ చేస్తే "మంచిదేనా?" అనొద్దు, అందరూ మంచిదనే అంటారు. "మళ్లీ పెట్టుకుంటారా?" అనండి. ఆయాని మాత్రం ఏడాది నిండని బిడ్డకు గొంతులో ఏదైనా అడ్డుపడి, ఏడుపు కూడా రాకపోతే ఏం చేస్తావని అడగండి. తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పెట్టి వీపు మీద ఐదు దెబ్బలు, తిప్పి రొమ్ము ఎముక మీద ఐదు నొక్కులు అని చెప్పాలి. అడ్డుపడింది కనిపించకపోయినా నోట్లో వేలు పెట్టి తీస్తానంటే మాత్రం ముందు ప్రథమ చికిత్స నేర్పించి, ఆ తర్వాతే బిడ్డను చేతికివ్వండి.