సైకిల్ మీద రెండు రోజుల సాగు

ఉదయం ఆరు గంటలకు విశాఖ ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి వెనుక గదిలో నేను వ్యాయామపు సైకిల్ ఎక్కే వేళకు డాలస్‌లో మా తమ్ముడికి ముందు రోజు సాయంత్రం ఏడున్నర అవుతుంది, చలికాలంలోనైతే ఆరున్నర. ఎదురుగా టీవీలో, మేము కలిసి ఆడే వీడియో గేమ్‌లోని మా ఇద్దరి పొలం కనిపిస్తుంది, చెవిలో "అక్కా, వచ్చావా?" అన్న వాడి గొంతు వినిపిస్తుంది. ఏడాదిన్నరగా వారానికి ఐదు రోజులు ఈ ఏర్పాటు తప్పలేదు. అంతకుముందు ఏ వ్యాయామమూ నా దగ్గర రెండు నెలలు నిలవలేదు కాబట్టి, ఇది ఎందుకు నిలిచిందో కాస్త వివరంగా రాయాలనిపించింది.

మొదట బీచ్ రోడ్డులో నడిచేదాన్ని. తెల్లవారుజామున వాహనాలు ఆపే ఆ కాసేపట్లో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కుర్సురా జలాంతర్గామి మ్యూజియం దాటేదాకా వెళ్లి వచ్చేదాన్ని. ఆ గాలీ ఆ సముద్రమూ ఏ యంత్రం మీదా దొరకవని ఇప్పటికీ ఒప్పుకుంటాను. అయితే నేను వెళ్లకపోయినా అడిగేవారు లేరు. వానొచ్చిన రోజు మానేశాను, మర్నాడు వాన లేకపోయినా మానేశాను. తరువాత ట్రెడ్‌మిల్ కొని, దాని మీద నడుస్తూ గేమ్ కంట్రోలర్ పట్టుకుని ఆడబోయాను. చూపు తెర మీద ఉన్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే పక్కకు జరుగుతాడన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఒక రోజు కుడి పాదం కదిలే పట్టీ వదిలి పక్కనున్న అంచు మీద పడింది, ఒళ్లు తూలింది. చొక్కాకు తగిలించుకున్న తాడు లాగబడి యంత్రం వెంటనే ఆగింది గనుక మోకాలు దోక్కుపోవడంతో సరిపోయింది. రెండు చేతులూ ఆటకిచ్చి నడవడం, ఎంత నెమ్మదిగా నడిచినా, నేనెవరికీ చెప్పను. సైకిల్ మీద సంగతి వేరు: బరువును సీటు మోస్తుంది, నడుము పైభాగం స్థిరంగా ఉంటుంది, చేతులకు వేరే పనేమీ ఉండదు.

మేము ఆడేది స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని తయారుచేసిన ఈ వ్యవసాయపు ఆట 2016లో వచ్చింది. కలిసి ఆడే వీలు 2018లో చేర్చారు. ఆటలో ఒక రోజు సుమారు 14 నిమిషాలు నడుస్తుంది. ఒంటరిగా ఆడేటప్పుడు సంచి తెరిస్తే కాలం ఆగుతుంది గాని, ఇద్దరు ఆడేటప్పుడు ఆగదు. పైగా ఇద్దరూ పడుకుంటేనే, లేదా ఆటలో రాత్రి రెండు దాటితేనే, ఆ రోజు ముగుస్తుంది. నా వ్యాయామానికి ఇంతకంటే మంచి గడియారం నాకు దొరకలేదు. రెండు రోజుల సాగు అంటే దాదాపు అరగంట. అలా ఐదు ఉదయాలైతే, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కకు కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. అందుకే మా ఇంట్లో "ఈ పూట ఎంతసేపు తొక్కావు?" అని అమ్మ అడిగితే "రెండు రోజులు" అని చెప్పడం అలవాటైపోయింది. ఆటలో ఋతువుకు 28 రోజులు గనుక, మేము నాటిన వసంతం ముగిసేసరికి బయట దాదాపు మూడు వారాలు గడుస్తాయి.

పనులు కూడా కాళ్లను బట్టే పంచుకున్నాం. చేప గాలానికి పడగానే దాన్ని లాగడానికి బొత్తాన్ని క్షణక్షణం సరిచూసుకోవాలి. అప్పుడు నా కాళ్లు నాకు తెలియకుండానే ఆగిపోతున్నాయని మొదట కనిపెట్టింది తమ్ముడే, ఎందుకంటే పెడల్ చప్పుడు మైకులోంచి వాడికి వినిపిస్తూ ఉంటుంది. "ఆపేశావేంటక్కా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి చేపలు వాడివి. మొక్కలకు నీళ్లు, కోళ్లకు మేత, గనిలో రాళ్లు కొట్టడం నావి. విశాఖకూ డాలస్‌కూ మధ్య సంకేతం వెళ్లి రావడానికి పావు సెకను దాకా పట్టినా, మొక్కలకు నీళ్లు పోయడంలో అది లెక్కలోకి రాదు. పోటీ ఆటలను ఈ పనికి ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఓడిపోతామన్న బిగువులో భుజాలు పట్టేస్తాయి, కాళ్లు ఓసారి పరుగు తీస్తాయి, ఓసారి నిలిచిపోతాయి. కలిసి ఆడే ఆటలో నేను ఒగరుస్తూ వెనకబడితే మిగిలిన మడి వాడు తడిపేస్తాడు.

మాట్లాడుకుంటూ ఆడడంలో మరో మేలు ఉంది. శ్రమ సరైన మోతాదులో ఉందో లేదో తెలుసుకోవడానికి వ్యాయామం నేర్పేవారు చెప్పే సులువైన గుర్తు ఒకటుంది: మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. ఒంటరిగా తొక్కేవాళ్లు దీన్ని పనిగట్టుకుని పరీక్షించుకోవాలి. నాకైతే ఆ పరీక్ష అరగంటా జరుగుతూనే ఉంటుంది. నా వాక్యం మధ్యలో తెగిందంటే "పెడల్ బిగువు ఒక మెట్టు తగ్గించక్కా" అంటాడు. నేను ధారాళంగా చుట్టాల కబుర్లు చెప్పుకుపోతుంటే "పెంచు" అంటాడు.

మన ఊళ్లో ఈ పని చేసేవారికి ఒక మాట చెప్పాలి. ఉక్కపోతలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కాబట్టి ఫ్యాను తల మీద కాకుండా ఎదురుగా ఉండాలి, కంట్రోలర్ జారకుండా ఒక చిన్న తువ్వాలు హ్యాండిల్ మీద ఉండాలి. ఉప్పుగాలికి సీటు కింది బోల్టులు నెలల్లోనే తుప్పు పడతాయి, వాటిని తుడిచి నూనె రాస్తుండాలి.

గత నెలలో తమ్ముడు కూడా ఒక సైకిల్ కొన్నాడు. మొన్న గుమ్మడి గింజలు నాటుతూ వాడు తన ఆఫీసు సంగతేదో చెబుతుంటే, చెవిలో రెండో పెడల్ చప్పుడు వినిపించింది. కాసేపటికి వాడి మాట మధ్యలో తెగింది. "ఒరే, ఒక మెట్టు తగ్గించు" అన్నాను. తగ్గించి, చెప్పడం మొదలుపెట్టాడు.