వాణ్ణి ఏం చేశారమ్మాయ్?

చిన్నదానికి ముందు పన్ను ఊడింది. ఊళ్ళో ఉన్న అందరికీ నోరు తెరిచి చూపించింది, పాలవాడు లేడు కాబట్టి ఆగింది గానీ. రాయాల్సింది అదే. కానీ నిద్ర పట్టకపోవడానికి కారణం అది కాదు, అత్తయ్య.

మధ్యాహ్నం ఇక్కడ పెన్సిల్వేనియాలో, మా ఇంట్లో, కందిపొడికి పప్పు వేయిస్తూ ఉన్నట్టుండి అడిగారు. "అప్పట్లో ఇక్కడ ఆ నాయనమ్మనీ పసిదాన్నీ చంపాడే, వాణ్ణి ఏం చేశారమ్మాయ్?"

"జైల్లోనే ఉన్నాడండీ."

"ఇంకా ఉరి తియ్యలేదూ?"

"ఇక్కడ ఉరి కాదండీ, ఇంజెక్షన్. అదీ ఆపేశారు. స్టడీ చేస్తున్నామని."

"ఏం స్టడీ? చంపాడో లేదో తేలలేదా?"

తేలింది. జ్యూరీ ఎప్పుడో తేల్చింది. స్టడీ వాడి మీద కాదు, శిక్ష మీద అని చెప్పేలోపు ఈయన హాల్లోంచి "మన టాక్స్ డబ్బులతో మేపుతున్నారమ్మా" అని అందుకున్నారు. ఏ విషయాన్నైనా టాక్స్ దగ్గరికి లాక్కెళ్ళడం ఈయనకెంత సరదానో మీకు తెలుసు. ఇక్కడ మరణశిక్ష కేసు నడపడం, అప్పీళ్ళన్నీ మోయడం, జీవితాంతం జైల్లో ఉంచడం కంటే ఎక్కువ ఖర్చని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు.

2012 అక్టోబర్. మేం ఎక్స్‌టన్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పెద్దాడు ఇంకా పాకుతున్నాడు. అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి వాణ్ణి చూసుకుంటోంది. అప్పుడు ఏ తెలుగువాళ్ళింట్లో చూసినా అంతే కదా, భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకి, ఇంట్లో ఓ పెద్దావిడా ఓ పసిపిల్లా. కింగ్ ఆఫ్ ప్రష్యా అనే ఊళ్ళో అలాంటి ఇంట్లోనే నాయనమ్మని చంపేశారు, పది నెలల పాప కనపడటం లేదు అని వార్త. యాభై వేల డాలర్లు కావాలని ఉత్తరం. కొన్ని రోజులకి పాప కూడా ఇక లేదని తెలిసింది. పట్టుబడ్డవాడు అదే కాంప్లెక్స్‌లో ఉండే తెలుగువాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆ కుటుంబానికి తెలిసినవాడు. ఆ ఉత్తరంలో పాప అమ్మానాన్నల ముద్దుపేర్లు ఉండబట్టే పోలీసులు తెలిసినవాళ్ళ వైపు చూశారు.

అమ్మ ఆ రోజు నుంచి తలుపు తియ్యడం మానేసింది. డెలివరీ అబ్బాయి బెల్ కొట్టినా పిల్లాణ్ణి ఎత్తుకుని బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకునేది. మేం ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ చేసి, గొంతు వినిపిస్తేనే బయటికొచ్చేది. తెల్లవాళ్ళని చూస్తే భయం లేదు. ఎలివేటర్‌లో ఎవరైనా "ఏ ఊరండీ మీది?" అని తెలుగులో పలకరిస్తే మాత్రం మొహం పాలిపోయేది. అంతకుముందు ఆవిడే పార్కులో తెలుగువాళ్ళని వెతుక్కుని మరీ మాట్లాడేది. ఆర్నెల్లు ఉందామని వచ్చింది, టికెట్ మార్పించుకుని ముందే వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ దేశం రాలేదు. చిన్నది పుట్టినప్పుడు కూడా.

అప్పుడు అడిగి ఉంటే ఆ సూది నేనే గుచ్చేదాన్ని. 2014లో మాంట్‌గోమరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) జ్యూరీ మరణశిక్ష వేసిందని తెలిసి అమ్మకి ఫోన్ చేశాను. "పీడా పోయింది" అంది.

ఎక్కడ పోయింది! 2015 ఫిబ్రవరిలో కొత్త గవర్నర్ టామ్ వుల్ఫ్ వచ్చి, మరణశిక్ష మీద స్టడీ చేస్తున్న శాసనసభ కమిటీ నివేదిక వచ్చేదాకా ఎవరినీ చంపేది లేదన్నాడు. ఆ కమిటీని సెనేట్ వేసింది 2011లో. రెండేళ్ళలో ఇవ్వాల్సిన నివేదిక 2018 జూన్‌లో వచ్చింది. మన సచివాలయంలో ఫైళ్ళని ఎందుకు ఆడిపోసుకుంటామో!

నాకు అసలు మండేది ఆ మధ్యలో జరిగినదానికి. 2018 ఫిబ్రవరి 23న వీడికి ఇంజెక్షన్ అని తేదీ వేశారు. తేదీ వేసే వారెంట్ మీద గవర్నర్ సంతకం పెట్టకపోతే జైళ్ళ శాఖ కార్యదర్శి పెట్టి తీరాలని ఇక్కడి చట్టం. పెట్టారు. గవర్నర్ ఆపుతాడని పెట్టినవాళ్ళకీ తెలుసు. ఆగింది. కానీ ఈలోపు మన చానెళ్ళలో స్క్రోలింగులు, "అమెరికాలో తెలుగువాడికి మరణశిక్ష" అని. గుంటూరు నుంచి, నెల్లూరు నుంచి నాకు ఫోన్లు, నేనేదో జైలు గుమాస్తాని అయినట్టు. నాకే అలా ఉంటే ఆ పాప అమ్మానాన్నల ఫోన్లు ఎలా మోగాయో. వుల్ఫ్ తన ప్రకటనలోనే చెప్పాడు, 1970ల్లో మరణశిక్ష తిరిగొచ్చాక ఇక్కడ గవర్నర్లు 434 వారెంట్ల మీద సంతకాలు పెట్టారని. అమలైనవి మూడు. ఆ ముగ్గురూ అప్పీళ్ళు వద్దు, చంపెయ్యండి అన్నవాళ్ళే. ఆఖరిది 1999లో. అంటే ఆ తేదీలన్నీ ఎవరి కోసం?

ఇక్కడిదాకా టైప్ చేసి, ఆపడమే తప్పు, చేస్తే చెయ్యండి లేకపోతే రద్దు చెయ్యండి అని రాసేసి ముగిద్దామనుకున్నాను. కానీ భోజనాల దగ్గర జరిగింది గుర్తొచ్చి చెయ్యాగింది.

అత్తయ్యది నరసరావుపేట కదా. చిలకలూరిపేట బస్సు కేసు గుర్తుందా అని అడిగాను. గుర్తులేకపోవడమా! 1993 మార్చి, దోపిడీకని బస్సెక్కిన ఇద్దరు కుర్రాళ్ళు పెట్రోలు పోశారు, 23 మంది కాలిపోయారు. ఇద్దరికీ ఉరిశిక్ష. రాష్ట్రపతి క్షమాభిక్ష కూడా లేదన్నారు. 1997లో ఉరికి తేదీ వేశాక సుప్రీంకోర్టు ఆపింది. పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్, రచయిత్రి మహాశ్వేతాదేవి లాంటివాళ్ళు ఉరి వద్దని పోరాడారు, ఆ ఆపిన వ్యవధి ఉండబట్టే చివరికి కొత్త రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. అప్పట్లో స్కూల్లో టీచర్లంతా సంతకాలు పెడుతుంటే అత్తయ్యా పెట్టారట.

"మరి వీడికి ఉరెందుకండీ?" అన్నాను.

"వాళ్ళు వేరమ్మా. చంపడానికి ఎక్కలేదు, దోచుకోడానికి ఎక్కారు. తిండికి లేని పిల్లలు."

"వీడూ డబ్బు కోసమే వెళ్ళాడుగా."

"వీడికి జీతం లేదా? తెలిసినింటికి వెళ్ళలేదా?" అని, కాసేపాగి, "నువ్వు ప్లీడరువి కావాల్సింది" అని కంచం తీసుకుని లేచిపోయారు. వాదనలో నేను గెలిచానని ఈయన నవ్వారు. నాకేం గెలిచినట్టు లేదు. 23 మందిని కాల్చినవాళ్ళ మీద జాలిపడ్డ మనిషి ఇద్దరిని చంపినవాడి మీద పడట్లేదంటే, అందులో నాకూ అర్థమయ్యేదేదో ఉంది. నేనూ అలాగే లెక్కేస్తున్నాను మరి.

ఆ లెక్కే ఇక్కడి నివేదికలోనూ ఉంది. ఒకేలాంటి నేరానికి మరణశిక్ష పడుతుందా లేదా అన్నది ఏ కౌంటీలో జరిగిందన్నదాన్ని బట్టి మారిపోతోందట. ఎలాంటి లాయరు దొరికాడన్నదాన్ని బట్టి కూడా. ఇదే రాష్ట్రంలో నిక్ యారిస్ అనే అతను దాదాపు ఇరవై ఏళ్ళు మరణశిక్ష ఖైదీగా ఉండి, విసిగిపోయి 2002లో నన్ను చంపెయ్యండని తనే అడిగాడు. 2003లో డీఎన్ఏ పరీక్షలతో నిర్దోషి అని తేలింది. అతని మాట విని ఉంటే? మన దగ్గరేమో 2015 ఆగస్టు చివర్లో లా కమిషన్ ఉగ్రవాద కేసులకి తప్ప మరణశిక్ష వద్దని నివేదిక ఇచ్చింది. దానికి నెల ముందే, జులై 30న, యాకుబ్ మెమన్‌ని నాగపూర్‌లో ఉరి తీసేశారు. అది ఉగ్రవాద కేసే, నివేదిక ముందొచ్చినా ఆగేది కాదేమో. అయినా నెల ఆగితే ఏం పోయేది?

కాబట్టి ఆపడం మంచిదే. ఒప్పుకుంటున్నాను, సణుక్కుంటూనే. నా గొడవ ఆపి వదిలెయ్యడంతో. నివేదిక వచ్చి ఏళ్ళయింది. 2023లో, వుల్ఫ్ తర్వాత గవర్నర్ అయిన జాష్ షపీరో, నేను వారెంట్ల మీద సంతకం పెట్టను, మీరు చట్టమే రద్దు చెయ్యండి అని శాసనసభకి చెప్పాడు. కొడుకు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయానన్నాడు, చంపినందుకు చంపడం ఎలా సరైందని. ఈ హత్యలు జరిగినప్పుడు అదే మాంట్‌గోమరీ కౌంటీకి కమిషనర్‌గా ఉన్న మనిషి. అప్పుడు మరణశిక్ష ఉండాలనే అనేవాడు.

చట్టం మాత్రం అలాగే ఉంది. రేపు ఇంకో గవర్నర్ వస్తే మళ్ళీ తేదీలు, మళ్ళీ స్క్రోలింగులు. ఇక్కడ ఇలాంటి హత్యకి యావజ్జీవం అంటే పెరోల్ లేని యావజ్జీవం. అదే రాసిచ్చి, ఆ ఇంటికి ఇంకెప్పుడూ తేదీ చెప్పే ఫోను వెళ్ళకుండా చూస్తే నాకు చాలు. అత్తయ్య ఒక రోజు అలిగి ఒప్పుకుంటారేమో. ఈయన మాత్రం ఒప్పుకోరు, టాక్సు.