ఏఈబీ-ఎల్ బ్లేడు కుదిరింది, ముత్యపు చిప్పే కొరకరాని కొయ్యగా మిగిలింది

నేను చేస్తున్న మడత కత్తి బ్లేడు సంగతి ఒక్క వాక్యంలో చెప్పేస్తాను: ఏఈబీ-ఎల్ ఉక్కు గట్టిదనం అనుకున్నట్టే 61 రాక్‌వెల్ దగ్గర నిలిచింది, పదును చక్కగా ఎక్కింది, తెరిచిన బ్లేడును నిలిపే లాక్ ఎక్కడా జారడం లేదు. తల తినేస్తున్నదంతా పిడిలో పొదిగిన ముత్యపు చిప్పే. లాక్ లేని వైపు టైటానియం పలకలో పొదిగిన ఆ ముక్క మూడు వైపులా వెంట్రుక దూరనంత బిగువుగా ఉండి, పివట్ (బ్లేడు తిరిగే ఇరుసు) వైపు కొసన మాత్రం పట్టు వదిలి పైకి లేస్తూ వచ్చింది. సందులను కొలిచే ఫీలర్ గేజ్‌లోని 0.05 మిల్లీమీటర్ల రేకు అక్కడ సునాయాసంగా దూరింది, 0.08 రేకు దూరలేదు. చూపుకు అది సన్నని నల్లని గీత మాత్రమే. వేలికి మాత్రం కత్తి తీసిన ప్రతిసారీ తగిలేది.

కొలతలు ముందుగా ఇస్తే తరువాతి వాదన సులువవుతుంది. పలక మందం 3.0 మిల్లీమీటర్లు, గుంట లోతు 1.5, కాబట్టి అడుగున మిగిలిన టైటానియం కూడా 1.5. గుంట పొడవు 52, వెడల్పు 12. దాని ముందు కొస పివట్ కేంద్రానికి 9 మిల్లీమీటర్ల వెనుక ఆగుతుంది. చిప్పకు, గుంట గోడకు మధ్య జిగురు కోసం వదిలిన సందు చుట్టూ 0.05.

మొదట ఇదే గుంటలో రోజ్‌వుడ్ ముక్క పెట్టినప్పుడు నేరం చెక్క మీదకు నెట్టడం తేలికైంది. రోజ్‌వుడ్ అడ్డంగా, లోపలి తేమ ఒక శాతం మారినప్పుడల్లా సుమారు 0.2 శాతం సాగుతుంది లేదా ముడుచుకుంటుంది. తేమ మూడు శాతం తగ్గితే 12 మిల్లీమీటర్ల వెడల్పులో దాదాపు 0.07 పోతుంది, అది కంటికి కనిపించే సందే. అయితే ఆ సందు రావలసింది పొడవాటి పక్క అంచుల వెంట. చెక్క నార వెంబడి దాదాపు కదలదు కాబట్టి కొసన తెరుచుకున్న సందుకు ఈ వివరణ అతకదు. చెక్కలోని నూనె జిగురును పట్టనివ్వలేదేమోనన్న అనుమానంతో ఎసిటోన్‌తో తుడిచి మళ్ళీ అతికించినా అదే కొస, అదే వెడల్పున లేచింది. అప్పుడే చెక్కను పక్కన పెట్టి, తేమకు కదలనిదీ నూనె లేనిదీ అయిన ముత్యపు చిప్పకు మారాను. చిప్పా అక్కడే లేచింది. చెక్కకు క్షమాపణ చెప్పుకోవలసి ఉంది.

తరువాతి అనుమానం జిగురు మీద. లేచిన చిప్పను పూర్తిగా పెకలించి చూస్తే ఎపాక్సీ మొత్తం చిప్ప వెనుకే ఉండిపోయింది. గుంట అడుగున టైటానియం, మిల్లింగ్ కట్టర్ వదిలిన వలయాకారపు గీతలతో సహా, కడిగినట్టు మెరుస్తోంది. అంటే జిగురు చిప్పను గట్టిగా పట్టుకుని లోహాన్ని వదిలేసింది. అడుగును 80 నంబరు గరుకు కాగితంతో అడ్డదిడ్డంగా గీకి, జిడ్డు తీసి, ఆ తాజా ఉపరితలం మీద ఆలస్యం చేయకుండా అతికించాను. ఐదు నిమిషాల ఎపాక్సీని మానేసి, ఒక రాత్రంతా గట్టిపడే రకానికి మారాను. ఐదు నిమిషాల రకాలు పని మధ్యలో ముక్కను తాత్కాలికంగా నిలపడానికి పనికొస్తాయి తప్ప పిడిలో శాశ్వతంగా ఉండవలసిన చోట వాటికి స్థానం లేదన్నది నా గట్టి అభిప్రాయం. ఈ మార్పులతో ఫలితం కొంత మెరుగైంది: సందు రావడం ఆలస్యమైంది, పెకలించినప్పుడు జిగురు రెండు వైపులా చీలి కనిపించింది. కానీ సందు మాత్రం వచ్చింది.

వేడి సంగతీ చూశాను. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే ఎపాక్సీలలో చాలావరకు 50–60 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి మెత్తబడడం మొదలవుతుంది, పైగా టైటానియం వేడిని త్వరగా పంచుకోని లోహం, కాబట్టి బెల్టు మీద అరగదీసేటప్పుడు ఒకే చోట వేడి పోగవుతుంది. అయితే చిప్ప పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదని దాన్ని మొత్తం నీళ్ళలో తడుపుతూ చేత్తోనే అరగదీశాను. వేడెక్కే అవకాశం లేదు.

అసలు ఆచూకీ బిగింపు దగ్గర దొరికింది. పలకను విడిగా ఉంచి ఎన్ని గంటల తరువాత కొలిచినా 0.03 రేకు కూడా దూరదు. పివట్ స్క్రూను బ్లేడు ఊగకుండా ఉండేంత బిగిస్తే మాత్రం గంటల్లో గీత కనిపిస్తుంది. వెంటనే లోపలి మందాలన్నీ కొలిచాను. బ్లేడు టాంగ్ (పిడి లోపల ఉండే మొదలు భాగం) 3.02, రెండు పక్కలా కంచు వాషర్లు చెరి 0.50, మొత్తం 4.02. పిడి వెనుక భాగంలో రెండు పలకల మధ్య ఉండే స్పేసర్ మందం 4.10. గీసుకున్న ప్లాను ప్రకారం టాంగ్ 3.10 ఉండాలి. ఈ 0.08 తేడా పుట్టింది హీట్ ట్రీట్‌మెంట్‌లో (ఉక్కును వేడిచేసి చల్లార్చి గట్టిపరచడంలో): పలుచని ఏఈబీ-ఎల్ వంగడం తెలిసిన విషయమే, అల్యూమినియం పలకల మధ్య చల్లార్చినా మిగిలిన స్వల్పమైన వంపును తీయడానికి రెండు వైపులా 0.04 చొప్పున గ్రైండింగ్‌కు పోయింది.

ఆ తేడా ఉండగా పివట్‌ను బిగిస్తే పలకలు ముందు భాగంలో లోపలికి వంగక తప్పదు. పలక బిరుసుతనం మందం ఘనానికి అనుగుణంగా మారుతుంది కాబట్టి మందం సగమైన చోట అది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గుంట చుట్టూ మిగిలిన అంచులు కొంత ఆదుకుంటాయి గనుక ఈ లెక్కను యథాతథంగా తీసుకోలేము, అయినా వంగేది ఎక్కువగా గుంట ఉన్న పలకే. స్వల్ప కదలికను కొలిచే డయల్ గేజ్ ముల్లును పివట్ పక్కన ఆనించి స్క్రూను బిగిస్తే 0.06 లోపలికి దిగింది, వదిలితే వెనక్కి వచ్చింది. చిప్ప వంగదు. లోహం కింది నుంచి దిగిపోతుంటే చిప్ప నిటారుగా అక్కడే ఉండిపోతుంది, మధ్యలో జిగురు అన్నింటికంటే బలహీనమైన కొస నుంచి చీలుతుంది. ఫీలర్ గేజ్ ఇచ్చిన 0.05కు, డయల్ గేజ్ ఇచ్చిన 0.06కు పొంతన కుదరడం చూసి ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

స్పేసర్‌ను గాజు పలక మీద పరిచిన గరుకు కాగితంపై 4.02కు అరగదీశాను, డయల్ ముల్లు ఇప్పుడు కదలడం లేదు. కొత్త చిప్పను అతికించాను. ఇప్పుడు 0.03 రేకు దూరదు, గోరుకు ఏమీ తగలదు. అయినా ఏటవాలు వెలుతురులో చూస్తే అదే కొసన, ఎడమ మూలలో మాత్రం, మూడు మిల్లీమీటర్ల పొడవున వెంట్రుకవాసి గీత కనిపిస్తోంది. గుంట మూలలు 2 మిల్లీమీటర్ల కట్టర్‌తో వచ్చినవి కాబట్టి వాటి వంపు వ్యాసార్థం 1 మిల్లీమీటరు. చిప్ప మూలను ఆకురాయితో చేత్తో దిద్దాను గనుక అక్కడ జిగురు పొర మిగతా చోట్ల కంటే మందంగా ఉండి, గట్టిపడుతూ ముడుచుకుని ఉంటుందని నా ఊహ. అదే నిజమైతే గీత ఇక పెరగకూడదు. పెరిగితే వంపు ఇంకా ఎక్కడో మిగిలి ఉన్నట్టు.

అందుకే తరువాతి పిడిలో గుంటను 1.0 లోతుకే ఆపి, అడుగున 2.0 మిల్లీమీటర్ల టైటానియం మిగులుస్తాను. అడుగు బిరుసుతనం రెండింతలకు పైగా పెరుగుతుంది. దీనికి మూల్యం ఉంది. ముత్యపు చిప్ప పలుచబడే కొద్దీ వెలుతురును లోపలికి పోనిస్తుంది, గరుకు కాగితం గీతలు కింద నుంచి బూడిదరంగుగా కనిపించి మెరుపును చంపేస్తాయి. కాబట్టి జిగురులో తెల్లని రంగు పొడి కలపాలి. జిగురుగా వెస్ట్ సిస్టమ్ వారి జీ/ఫ్లెక్స్‌ను ప్రయత్నిస్తాను. అది పెళుసుగా విరగకుండా కాస్త సాగే ఎపాక్సీ, ఇలాంటి కొసలకు గాజులా గట్టిపడే రకాల కంటే అదే నయమనిపిస్తోంది.

ఉక్కు విషయంలో మనసు అటూ ఇటూ ఊగుతోంది. ఏఈబీ-ఎల్‌లో సుమారు 0.67 శాతం కార్బన్, 13 శాతం క్రోమియం ఉంటాయి. గడ్డం గీసుకునే బ్లేడ్ల కోసం పుట్టిన ఉక్కు కావడంతో కార్బైడ్లు (ఉక్కులోని గట్టి కణాలు) చాలా సన్నగా ఉండి, మామూలు సానరాయి మీదే పదును ఎక్కుతుంది. దీని మీద నాకున్న ఫిర్యాదు ఆ వంపు ఒక్కటే. డీ2 అనే ఉక్కును మడత కత్తికి ఇక వాడను: దాదాపు 12 శాతం క్రోమియం ఉన్నా అందులో చాలా భాగం కార్బైడ్లలోనే చిక్కుకుపోతుంది, పివట్ దగ్గర చెమట చేరితే తుప్పు మచ్చలు తప్పవు. ఎం390 ఉక్కు పదును ఎక్కువ కాలం నిలుపుతుంది గాని, పదునును చేత్తోనే పెట్టుకునేవాడికి అంత మొండి ఉక్కు దేనికో నాకు అర్థం కాదు. మనసు లాగుతున్నది మాగ్నాకట్ వైపు. లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించగా 2021లో వచ్చిన ఈ ఉక్కులో క్రోమియం 10.7 శాతమే, కానీ సరైన హీట్ ట్రీట్‌మెంట్ తరువాత క్రోమియం కార్బైడ్లు మిగలవు గనుక ఆ క్రోమియమంతా తుప్పును ఆపే పనిలోనే ఉంటుంది. వనేడియం కార్బైడ్లు అల్యూమినియం ఆక్సైడ్ రాళ్ళ కంటే గట్టివి కాబట్టి వజ్రపు పొడి పలకలు కొనక తప్పదు.

ఏ ఉక్కు తీసుకున్నా ఈసారి బ్లేడును హీట్ ట్రీట్‌మెంట్‌కు ముందు 3.25 మందంతో ఉంచి, వంపు తీసే గ్రైండింగ్ పూర్తయి టాంగ్ కొలత చేతికి వచ్చాకే స్పేసర్‌ను కోస్తాను.