పెన్నీ రెడ్‌ల అంచులూ, ముద్రలూ

పాత కవరు నిండా బ్రిటన్ వాళ్ల పెన్నీ రెడ్‌లు, అంటే ఒక పెన్నీ విలువున్న ఎర్ర స్టాంపులు, నా చేతికొచ్చాయి. అన్నింటిమీదా విక్టోరియా రాణే. బొమ్మ ఎంతసేపు చూసినా ఏది ఎప్పటిదో తేలేలా లేదు. ఇక అంచులూ, పోస్టాఫీసు వాళ్లు స్టాంపు మీద కొట్టిన ముద్రలే దిక్కు.

అంచులు త్వరగానే తెమిలాయి. 1841 నాటివాటికి రంధ్రాలుండవు, కత్తెరతో విడదీసేవారు. 1854లో 16 కొలత పెర్ఫరేషన్, అంటే అంచున వరసగా పొడిచిన రంధ్రాలు, వచ్చింది. రంధ్రాలు మరీ దగ్గరగా ఉండి షీట్లు ఊరికే చిరుగుతుంటే మరుసటి ఏడు 14కి దించారు. ఈ అంకె అంచులో ఉన్న మొత్తం రంధ్రాల లెక్క కాదు, 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని పడతాయన్న లెక్క. నల్ల కాగితం మీద స్టాంపు పెట్టి, పైన పారదర్శక గేజ్ (రంధ్రాలు కొలిచే గీతల పట్టీ) జరుపుకుంటూ పోయాను. ఒకచోట గీతలన్నీ రంధ్రాల నడిమికి సరిగ్గా వస్తాయి, అదే కొలత. నాలుగు వైపులా చూడాలి. ఒక్క వైపు పళ్లు మాత్రం మరీ కొత్తగా ఉంటే నేను నమ్మను; తర్వాత పొడిచినవి కావచ్చు. రంధ్రాల్లేని స్టాంపుకి అంచు మరీ సన్నగా ఉన్నా అనుమానమే, పళ్లు కోసేసి ఉంటారు.

ముద్రల దగ్గరే పని ఎక్కువ. ఎరుపు మీద మాసిన నలుపు కంటికి ఆనదు. స్కాన్ చేసి, రంగుల్లో ఎరుపు చానెల్ ఒక్కటే ఉంచి చూశాను. స్టాంపు దాదాపు తెల్లబడి, ముద్ర నల్లగా పైకి తేలింది! భూతద్దం కన్నా ఇదే మేలు.

1844 నుంచి ఒక్కో పోస్టాఫీసుకి ఒక్కో నంబరిచ్చారు. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్‌ల వరసలు వేర్వేరు కాబట్టి నంబరొక్కటే చూస్తే చాలదు. నంబరు చుట్టూ ఉన్న గీతలు కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఇంగ్లండ్ లేదా వేల్స్, దీర్ఘచతురస్రంలో ఉంటే స్కాట్లండ్, డైమండ్ ఆకారమైతే ఐర్లండ్. ఒకదాని మీద '13' తర్వాత అంకె సగమే పడింది. గీతలు మాత్రం దీర్ఘచతురస్రంలో ఉన్నాయి. స్కాట్లండ్ జాబితా తీసి, ఆ సగం అంకె పక్కన ఒక్కో నంబరూ పెట్టి చూస్తే 131 కుదిరింది, ఎడిన్‌బరో.

కొన్నింటికి మాత్రం తేదీ దొరకలేదు. తేదీ ముద్రా, నంబరు ముద్రా జంటగా కొట్టే డ్యూప్లెక్స్‌లో నంబరు స్టాంపు మీద, తేదీ కవరు మీద పడేది. ఎవరో స్టాంపులు నానబెట్టి ఊడదీశారు, సగం చరిత్ర నీళ్లపాలైంది. కవరు ముక్కతో సహా మిగిలినవాటిని నేను నీళ్లలో వెయ్యలేదు, అలాగే ఆల్బంలో పెట్టాను.